పుస్తకం మూసిన తరువాత

సీతాఫలాల కాలం పోతూ ఉండగా ఒక మధ్యాహ్నం దెగ్లూర్ బస్సు దిగి కరుణ మా ఇంటికి వచ్చింది. సంచి నిండా పండ్లు. సగం బస్సులోనే చితికిపోయి అడుగునుంచి రసం కారుతోంది. కరుణ మా ఊరి సాయమ్మ మనవరాలు. సాయమ్మది మా పక్కిల్లు. రెండిళ్ళకూ నడుమ ఒకటే మట్టిగోడ, అదీ మా మేకలు ఎక్కీ దిగీ సగానికి అరిగిపోయిన గోడ. మేము నాందేడ్ వచ్చేసి ఇంతకాలమైనా ఆ ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు మా బాపు కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ తర్వాతే మంచినీళ్ళు తాగుతారు. బాపు ఒకప్పుడు అక్కడి మా చిన్న సంఘానికి ఉపదేశి. పాళక్ అయ్య, అంటే పాస్టరు, నాందేడ్ నుంచి నెలకోసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ వాక్యం చదవడం, పాట ఎత్తుకోవడం, పుట్టినచోటా పోయినచోటా ప్రార్థన చేయడం బాపు పని. తెల్లవారితే మాత్రం అందరితో పాటు పటేలు చేనుకు కూలికి పోవలసిందే.

ఊళ్ళో పాత పెంకుల ప్రార్థనాలయం తీసేసి స్లాబు వేశారట. తలుపు తెరవడానికి బాపు రావాలట. "తాత అచ్చి చెయ్యి పెడితెనే తెరుస్తం, లేకుంటె గట్లనే తాళమేసి ఉంచుతం" అంది కరుణ. తర్వాత ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "సూడు అత్తా, పేంటరు ఎంత మంచిగ రాసిండో." ఫోటోలో కొత్త గోడ, తలుపు పైన నీలిరంగు అక్షరాలు. "పటేలు గడప కాడ మీరు చెప్పులిడిసినట్టు, మీ గడప కాడ నేను చెప్పులిడిసిన. నన్ను లోపటికి పిలువుండ్రి." దాని కింద బైబిలులోని ఆఖరి పుస్తకం పేరు, అధ్యాయం, వచనం నంబరు.

నేను ఉద్యోగమంతా మరాఠీ శాళలో పంతులమ్మగా చేసినదాన్ని. తప్పు కనబడితే నా చెయ్యి ఎర్రపెన్ను కోసం తడుముకుంటుంది. ముందు నవ్వొచ్చింది, మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట బైబిల్లో ఎక్కడా లేదు. అది మా బాపమ్మ మాట, అంటే మా బాపు తల్లి మాట. ఆ మాట కోసమే ఒక ఆదివారం అదే ప్రార్థనాలయంలో ఆమె లేచి నిలబడవలసి వచ్చింది. కుర్చీలో కూర్చుని చాయ్‌లో బిస్కట్టు ముంచుకుంటున్న బాపు, "ఏంది బిడ్డా, ఏమున్నదండ్ల?" అన్నాడు. ఆపరేషన్ అయిన ఆయన కళ్ళకు ఫోనులోని అక్షరాలు ఆనవు. "ముందు చాయ్ తాగు బాపూ, సదివి వినిపిస్త" అని తప్పించుకుని వంటింట్లోకి పోయాను. రొట్టెల పిండి కలుపుతూ ఉంటే మా ఊరి సాయంత్రాలన్నీ వచ్చి నా చుట్టూ కూర్చున్నాయి.

అప్పట్లో మా ఇంట్లో చీకటిపడే వేళకు ఒక వాసన ఉండేది. పొయ్యిలో పత్తికట్టె పొగ, పెనం మీద జొన్నరొట్టె మాడిన అంచు, కందిలిలో గ్యాసునూనె, వీటన్నిటి మీదా బాపమ్మ నోట్లోని తంబాకు. కందిలి ముట్టించగానే వాడలో ఉన్న నాలుగిళ్ళవాళ్ళూ మా వాకిట్లోకి వచ్చేవారు. బాపమ్మ తంబాకు ఉమ్మేసి, నోరు మూడుసార్లు పుక్కిలించి, కొంగు తలమీదికి లాక్కుని గోడకానుకుని కూర్చునేది. తంబాకు నోటితో దేవుని ముందు కూర్చోకూడదని ఆమె పెట్టుకున్న నియమం. దేవుడు వెళ్ళిపోగానే, అంటే ప్రార్థన అయిపోగానే, మళ్ళీ చిటికెడు వేసుకునేది.

మేం బడిలో చదివింది మరాఠీ. బజారులో ఉర్దూ, ఆఫీసుల్లో మరాఠీ. తెలుగు అక్షరం మా ఇంట్లో ఉన్నది ఒక్క బైబిల్లోనే. నేను బాపు ఒళ్ళో కూర్చుని ఆ పేజీల మీద వేలు పెట్టి తెలుగు నేర్చుకున్నాను. అయితే ఆ పుస్తకం తెలుగు మా వాళ్ళకు అర్థమయ్యే తెలుగు కాదు. అందుకని బాపు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఒక వాక్యం పుస్తకంలో ఉన్నట్టే గంభీరంగా చదివేవాడు. వెంటనే దాన్నే మా మాటలో మళ్ళీ చెప్పేవాడు. ఇలా అధ్యాయం పూర్తయ్యాక పుస్తకం మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కాసేపు ఊరుకునేవాడు. ఆ కాసేపు బాపమ్మది. ఏదైనా వినబడితే ఆమె చెప్పేది, లేకుంటే తల అడ్డంగా ఊపేది. అప్పుడు బాపు ముగింపు ప్రార్థన ఎత్తుకునేవాడు. ఈ పద్ధతి మా తాత బతికుండగానే మొదలయిందట. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

బాపమ్మకు వినబడినవన్నీ గొప్ప మాటలేం కావు. ఒకసారి ఎల్లుండి వాన పడుతుందని చెప్పింది. ఆ వారమంతా ఎండ మండిపోయింది. ఇంకోసారి ఇంటి కోడలు పప్పులో కారం తగ్గించాలని దేవుడు సెలవిచ్చాడు. మా అమ్మ ఊరుకునే రకమా? "దేవునికి గింత పెద్ద దునియ ఉంచుకొని మనింటి పప్పు మీద పడ్డడా అత్తా?" అని నిండు వాకిట్లోనే అనేసింది. అందరూ నవ్వారు, బాపమ్మ కూడా నవ్వింది, మర్నాడు పప్పులో కారం తగ్గింది.

కానీ ఒకరోజు వచ్చిన మాట వేరు. ఆ మధ్యాహ్నం బాపమ్మ పటేలు ఇంటికి ఏదో పనిమీద పోయి, అలవాటు ప్రకారం గడప అవతలే చెప్పులు విడిచి ఎండలో నిలబడింది. ఎంతసేపటికీ లోపలినుంచి ఎవరూ రాలేదు. తిరిగి చూసేసరికి కుక్క చెప్పులు నోట కరుచుకుని పోయింది. నల్లరేగడి నేల కాలుతుంటే వట్టి కాళ్ళతో ఇల్లు చేరింది. అమ్మ ఆమె అరికాళ్ళకు ఆముదం రాసింది. ఆ సాయంత్రం బాపు పుస్తకం మూశాక, బాపమ్మ కళ్ళు మూసుకునే ఆ మాట చెప్పింది. ఇప్పుడు తలుపు మీద నీలిరంగులో ఉన్న మాట. సాయమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. మాకు తెలిసిన పెద్దవాళ్ళెవరూ, మనుషులే కాదు దేవుళ్ళు కూడా, మా గడప ముందు చెప్పులు విడిచినవాళ్ళు కారు.

ఆ మాటకు కాళ్ళొచ్చాయి. ఆడవాళ్ళు కలుపు తీస్తూ పాడుకున్నారు. జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చుని చెప్పుకున్నారు. చదువు రానివాళ్ళకు పుస్తకంలోని మాటా, బాపమ్మ మాటా ఒకే కందిలి కింద, ఒకే యాసలో చెవిన పడ్డవే కదా. ఏది ఎక్కడిదని వాళ్ళు ఎట్లా వేరుచేస్తారు? బాపుకు మాత్రం దిగులు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం బాపమ్మ విసురురాయి దగ్గర జొన్నలు పోస్తూ ఉంది, ఆయన ఎదురుగా కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను పిండి ఎత్తుతున్నాను.

"అవ్వా, పుస్తకం నిండింది. దానికి ఎవ్వలు ఏం కలుపొద్దని ఆఖరికి రాసి ఉన్నది" అన్నాడు బాపు.

"నేనేడ కలుపుతున్న బిడ్డా? నాకు రాయనే రాదు."

"రాసుడు ఒక్కటే కలుపుడు కాదు. వాక్యం సదివినంక గదే కూసున్న కాడ చెప్తె, జనం అది గూడ వాక్యమే అనుకుంటరు."

బాపమ్మ రాయి ఆపింది. "మరి పుస్తకం మూసిందెవరు? దేవుడే మూసిండా?"

బాపు అబద్ధం చెప్పే మనిషి కాదు. నాందేడ్‌లో ఉపదేశుల శిక్షణలో విన్నది విన్నట్టు చెప్పాడు. పాతకాలంలో ప్రభువు పేరుమీద ఎన్నో రాతలు తిరిగాయని, పెద్దలు వాటిని చదివి, ఏది ప్రభువును కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యం, ఏది తర్వాతి మాట అని తూచి, కొన్ని ఉంచి కొన్ని వదిలేశారని, కేథలిక్కుల పుస్తకంలో ఇప్పటికీ మనకంటే కొన్ని ఎక్కువ ఉన్నాయని చెప్పాడు. "గాని నడిపించింది దేవుడే అవ్వా."

"అంటె పంచాయితి అయిందన్నట్టు."

"అయింది."

"పంచాయితి అయినంక దేవుడు ఇగ నోరు మూసుకొని కూసున్నడా?"

"మాట్లాడతడు. గీ పుస్తకంలకెల్లే మాట్లాడతడు. నేను సదివి వినిపిస్తున్న గదా."

"నువ్వు చేనుకు పోయినప్పుడో?"

బాపు తాడు పేనడం ఆపాడు. తర్వాత మెల్లగా, "అక్క సంగతి యాదికున్నదా?" అన్నాడు. బాపమ్మ ముఖం మాడిపోయింది. మా మేనత్త ఉన్న ఊళ్ళో ఒకడు తనతో దేవుడు మాట్లాడుతున్నాడని, పంట చేతికి రాకముందే లోకం కాలిపోతుందని చెప్పాడు. నమ్మినవాళ్ళు పాలుకు పట్టిన చేను విత్తకుండా వదిలేశారు, ఎడ్లను అమ్మేశారు. లోకం కాలలేదు, వాళ్ళ పొయ్యి ఆరిపోయింది. ఆ ఎండాకాలమంతా మేనత్త పిల్లలు మా ఇంట్లో గంజి తాగారు. "వాడు గూడ నాకు వినబడ్డదనే అన్నడు. నిన్ను మాట్లాడనిస్తె రేపు వాణ్ణి ఏమని ఆపాలె అవ్వా? నా చేతుల ఏమున్నది? గీ పుస్తకమొక్కటే ఉన్నది" అన్నాడు బాపు. బాపమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని రాయి తిప్పడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు ఎవరి వైపు ఉండాలో తెలియలేదు. చిన్నపిల్లను, ఎవరు బెల్లం ముక్క పెడితే వాళ్ళ వైపు ఉండేదాన్ని. ఇప్పుడు బెల్లం తినొద్దంటున్నారు డాక్టర్లు, అయినా నాకింకా తెలియలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రభు భోజనపు ఆదివారం నాడు, అంటే అందరూ ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజున, సంఘంలోకి కొత్తగా కొందరిని చేర్చుకోవాలి. చేరేవాళ్ళు లేచి తమకు ఇష్టమైన వచనం ఒకటి చెప్పాలని పాళక్ అయ్య పెట్టిన నియమం. ఆయన మరాఠీ మనిషి, మంచివాడు, తెలుగు కొంత అర్థమవుతుంది. మొదట సాయమ్మ లేచింది. చేతులు కట్టుకుని, తడుముకోకుండా, పటేలు గడప మాట చెప్పింది. పాళక్ అయ్య ముఖం వెలిగిపోయింది. తన మరాఠీ బైబిలు తెరిచి, పెన్సిలు పట్టుకుని, "హే కుఠే ఆహే?" అని బాపును అడిగాడు. ఇది ఎక్కడుంది, నేనూ గీత గీసుకుంటాను అని.

బాపు పుస్తకం తెరిచాడు. లేదని ఆయనకు తెలుసు. అయినా పేజీలు తిప్పాడు, ముందుకూ వెనక్కీ. ఆ కాగితాల చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. సాయమ్మ పక్కనున్న ఆమె ఇదంతా గమనించక, "నాది గూడ గదే వచనం అయ్యా" అంది. అప్పుడు బాపు పుస్తకం మూసి, "గీ మాట గీ పుస్తకంల లేదు అయ్యగారూ. మా అవ్వ మాట" అన్నాడు.

పాళక్ అయ్య కోపం చేయలేదు. కోపం చేస్తే బాగుండేదేమో. ఆయన మెత్తగా, ఇట్లాంటివి చిన్నగా మొదలై ఊళ్ళను కూల్చడం తాను చూశానని చెప్పాడు. ఆ మాట బాపుకు ఎక్కడ తగిలిందో మాకు తెలుసు. ముసలమ్మ లేచి, ఇది నా సొంతమాట, దేవుని మాట కాదు అని ఒక్కసారి చెప్తే చాలునని, చెప్పి అందరితో పాటు బల్ల దగ్గరికి రావచ్చునని అన్నాడు. చెప్పకపోతే ఆమెకు రొట్టె లేదని వేరే చెప్పనక్కరలేకపోయింది. నీళ్ళ కుండ ముట్టనివ్వని ఊళ్ళో, అందరూ ఒకే గిన్నెలోంచి తాగే చోటు ఆమెకు ఆ బల్ల ఒక్కటే.

బాపమ్మ గోడ పట్టుకుని లేచింది. "గీ మాట పుస్తకంల లేదు. ఉన్నదని నేను ఎన్నడు చెప్పలే" అంది. కొంగు సర్దుకుని, "గాని నాది కాదు అయ్యా. నాదైతె నాదే అంటుంటి" అంది.

"మరి ఎవరిది? ఎవరు చెప్పారు?" అని అడిగాడు పాళక్ అయ్య.

ఆమె కొడుకు వైపు చూసింది. అందరం బాపు వైపే చూశాం. దేవుడు చెప్పాడంటే ఆయన చేతిలోని పుస్తకానికి కట్టిన కంచె పోతుంది. తల్లి కల్పించిందంటే నిండు సంఘంలో తల్లిని అబద్ధాలకోరును చేసినట్టు. బాపు పెదవులు ఆడాయి. చివరికి, "ఎవరు చెప్పిండ్రో నేను చెప్పలేను. మా అవ్వ అబద్ధమాడది. ఇగనుంచి ప్రార్థనల ఆమె మాట్లాడది. దానికి నేను జిమ్మేదారి" అన్నాడు. పాళక్ అయ్య తల ఊపాడు. బాపమ్మ బల్ల దగ్గరికి వచ్చి రొట్టె తీసుకుంది, గిన్నె అందుకుంది. కొడుకు ముఖం మాత్రం చూడలేదు.

ఆ సాయంత్రం కందిలి వెలిగింది. నోరు పుక్కిలించుకుని వచ్చి బాపమ్మ ఎప్పటి చోటే కూర్చుంది. బాపు చదివి, మా మాటలో చెప్పి, పుస్తకం మూశాడు. ఇక వెంటనే ముగింపు ప్రార్థన ఎత్తుకుంటాడనుకున్నాం. ఎత్తుకోలేదు. రెండు చేతులూ పుస్తకం మీద పెట్టుకుని ఎప్పటిలాగే ఊరుకున్నాడు. బాపమ్మ తల కూడా ఊపలేదు. అవతల మేక ఒకటి అరిచింది. అప్పుడు ప్రార్థన చేశాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మాట్లాడనివ్వనని మాట ఇచ్చిన మనిషే రోజూ ఆమె చోటు ఆమెకు వదిలిపెట్టాడు. ఆమె ఆ చోటును ఒక్కనాడూ వాడుకోలేదు. పప్పు వడ్డిస్తూ మా అమ్మ, "కారం ఎక్కువైందా అత్తా? చెప్పరాదు" అని బతిమాలినట్టు అడిగేది. "మంచిగున్నది బిడ్డా" అనేది బాపమ్మ. నాకు ఆ జవాబు వింటే ఏడుపొచ్చేది. పత్తి ఏరే రోజుల్లో ఆమె పోయింది. పక్కన కూర్చుని బాపు వాక్యం చదివి, పుస్తకం మూసి, అప్పుడు కూడా ఆగాడు.

నాందేడ్‌కు వచ్చాక కరెంటు దీపం కింద కూడా ఆ ఆగడం ఆగలేదు. చూపు తగ్గిన తర్వాత నా మనవరాలు ఆయనకు ఫోనులో బైబిలు పెట్టిచ్చింది. ఎవరో ఆఫీసరులాంటి మనిషి గొంతు, తడబాటు లేకుండా చదువుతుంది. అధ్యాయం అయిపోగానే ఊపిరి కూడా తీసుకోకుండా పక్క అధ్యాయంలో పడుతుంది. "ఆపు, ఆపు, జెర ఆగుమను వాణ్ణి" అని బాపు ఫోను మీద విసుక్కుంటాడు. ఆ ఫోనులోనే పొద్దున్నే ప్రవక్తల వాయిస్ మెసేజ్‌లు కూడా వస్తాయి. దేవుడు నిన్న తమతో ఏమన్నాడో రోజూ చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఎందరో ఉన్నారు. ఎవరికి ఉద్యోగం వస్తుందో, ఎవరికి వీసా వస్తుందో కూడా చెప్తారు. అవి విన్నప్పుడల్లా బాపు భయం నిజమే కదా అనిపిస్తుంది. పుస్తకానికి అట్ట లేకపోతే ఎవరి కాగితం వాళ్ళు దోపేస్తారు. కానీ ఆ పాత వాకిట్లో పుస్తకం మూశాక అందరం కలిసి ఊరుకున్న ఆ కాసేపు నాకు ఇప్పుడు ఏ ప్రార్థనాలయంలోనూ దొరకడం లేదు. అప్పుడు మాకు లేనివి చాలా ఉన్నాయి, ఆ కాసేపు మాత్రం ఉండేది.

రొట్టెలు అయ్యాయి. ఇక తప్పించుకోవడం కుదరదని బాపు ముందు కూర్చుని సంగతి చెప్పాను. తలుపు మీద రాసింది చదివాను.

"మల్లొకసారి సదువు" అన్నాడు.

చదివాను.

"కింద నంబర్లు గూడ సదువు."

చదివాను. బాపు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు. "నేను నాడు గన్ని పేజీలు తిప్పిన దొర్కలే. పేంటరుకు దొరికింది" అన్నాడు.

కరుణకు విషయం సగమే అర్థమై ముఖం పాలిపోయింది. "తప్పయిందా తాతా? మా అవ్వ జిందగంత గిదే చెప్పుకున్నది. పుస్తకంలనే ఉన్నదనుకున్నం. వాక్యమంటె కింద నంబరుండాలె గదా అని కమిటీవాళ్ళు, తలుపు కాడ నిలబడి తడుతున్న అనే వచనం దగ్గర దగ్గర ఉన్నదని చూసి పెట్టిండ్రు. మొత్తం చెరిపిస్తం తాతా, సున్నం కొట్టిపిస్తం."

చెరిపించమనే అంటాడనుకున్నాను. తల్లి నోరు మూయించి కాపాడుకున్న పుస్తకం అది. ఇన్నేళ్ళకు గోడెక్కిన బాపమ్మ గొంతు ఇంకోసారి మూగబోతుందనిపించింది. బాపు చేయి చాచి ఫోను అందుకుని, కనబడని ఆ అక్షరాల మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు.

"నంబర్లు చెరుపుండ్రి" అన్నాడు. "మాట ఉండనియ్యుండ్రి."

"మరి కింద ఏం రాయాలె తాతా? చూసినోళ్ళు అడుగుతరు గదా. ఎవరు చెప్పిండ్రని రాయాలె?"

ఆనాడు పాళక్ అయ్య అడిగింది ఇదే. ఆ ప్రశ్న ముందు బాపు మళ్ళీ ఆనాటిలాగే నిలబడిపోయాడు. పెదవులు ఆడాయి. ఈసారి ఎదురుగా తల్లి లేదు.

"ఏం రాయకుండ్రి బిడ్డా. గా జాగ గట్లనే ఇడిసిపెట్టుండ్రి."

ఆ సాయంత్రం ప్రార్థనలో వాక్యం నేనే చదివి పుస్తకం మూశాను. ముగింపు ప్రార్థన ఎత్తుకోబోతున్న కరుణను చెయ్యి పట్టుకుని ఆపాను.